గోడ ఎవరిది? – హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాలలో మిద్దె ఇంటి నుంచి ఫ్లాటు బీమా వరకు

వ్యాససంగ్రహం:
శ్రీ సత్యసాయి జిల్లాలోని హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాలలో ఇల్లు దెబ్బతిన్నప్పుడు ఆ నష్టాన్ని ఎవరు భరిస్తారన్న ప్రశ్న కాలక్రమంలో ఎలా మారిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. మిద్దె ఇంటిలో నేల, గోడ, పైకప్పు ఒకే యజమానివి. అపార్ట్‌మెంటు చట్టాలు ఆ మూడింటినీ సొంతం, ఉమ్మడి అని రెండుగా విడదీశాయి. ఫ్లాటుకు ఏ బీమా తీసుకోవాలి, ఎంతకు తీసుకోవాలి అన్న నిర్ణయం ఈ విభజనను అర్థం చేసుకోవడం మీదనే ఆధారపడి ఉందని, ఇల్లే పనిచోటుగా ఉన్న ధర్మవరంలో ఆ విభజన మరింత చిక్కుపడిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: బీమా, పూచీ, దశబంధం, చవుడు మిద్దె, చెక్కుబందీ, అపార్ట్‌మెంటు చట్టం, భారత్ గృహ రక్ష, గుంత మగ్గం.

1. ఉపోద్ఘాతం

తెలుగు రాతలో ‘భీమా’ అని ఒత్తుతో తరచుగా కనిపించే మాట నిజానికి ‘బీమా’. పారసీకంలో ‘బీమ్’ అంటే భయం. ఆ మూలం నుంచి ఏర్పడిన పదం హిందుస్తానీ మీదుగా తెలుగులోకి వచ్చింది. భారతంలోని భీముడితో దీనికి ఏ సంబంధమూ లేదు. నష్టానికి బాధ్యత వహించడమనే అర్థంలో వాడుకలో బలంగా ఉన్న మాట ‘పూచీ’. పూచీలో ఒక మనిషి మరొక మనిషికి బాధ్యుడు. బీమాలో ఒక సంస్థ ముందుగా రాసుకున్న షరతులకు లోబడి, ప్రతిఫలం పుచ్చుకొని ఆ బాధ్యతను స్వీకరిస్తుంది.

ఈ ఆలోచన ధర్మశాస్త్రాలకు తెలియనిది కాదు. అడవి దారిన వెళ్లే వర్తకుడు నూటికి పది, సముద్రం మీద వెళ్లేవాడు నూటికి ఇరవై వడ్డీ చెల్లించాలని యాజ్ఞవల్క్యస్మృతి విధించింది. ప్రమాదం ఎక్కువైన కొద్దీ అప్పు ఖరీదు పెరుగుతుందన్న లెక్క ఇందులో స్పష్టంగానే ఉంది. సరుకు మోసేవాడు దాన్ని పోగొడితే చెల్లించాలని, రాజు వల్లనో దైవం వల్లనో పోతే చెల్లించనక్కరలేదని కూడా అదే స్మృతి చెబుతుంది. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షరా వ్యాఖ్యను అనుసరించి 13వ శతాబ్దిలో కేతన ‘విజ్ఞానేశ్వరీయం’ రచించాడు కనుక ఈ వ్యవహార చింతన తెలుగు సాహిత్యానికీ పరిచితమే. ఆసక్తికరమైన విషయం ఏమిటంటే, స్మృతి మినహాయించిన దైవికమైన నష్టాన్నే నేటి ఇంటి బీమా ప్రధానంగా స్వీకరిస్తుంది. పిడుగు, తుఫాను, వరద, భూకంపం అన్నీ అందులో ఉన్నాయి. రాజకీయమైన నష్టంలో అల్లర్లు, సమ్మెల వల్ల కలిగే ధ్వంసాన్ని ఒప్పుకుంటుంది గాని యుద్ధాన్ని ఇప్పటికీ మినహాయిస్తుంది.

అయితే పాత వ్యవహార చింతన సరుకు గురించి, అప్పు గురించి మాట్లాడింది. ఇంటి నష్టం మాత్రం చాలా కాలం ఇంటివాడిదే. సీమలోని ఈ మూడు ఊళ్లలో అతడు దానిని ఎలా కాచుకున్నాడో మొదట చూడాలి.

2. మిద్దె, కట్ట

రాయలసీమ మెట్ట ప్రాంతపు ఇల్లు ప్రధానంగా మిద్దె. దూలాల మీద దంతెలు పరిచి, వాటిపై కట్టెపుల్లలో బండలో వేసి, ఆపైన చవుడు మట్టిని మందంగా దట్టించేవారు. వానాకాలానికి ముందు మిద్దె మీద కొత్తగా చవుడు పోయడం, ఉరుపులు ఉన్నచోట పూడ్చడం ఏటేటా తప్పని పని. ఎండను ఆపడంలో ఈ కప్పుకు సాటి లేదు. కాని రోజుల తరబడి ముసురు పడితే నీటిని పీల్చుకున్న మట్టి బరువుకు దూలం కుంగి, మిద్దె కూలుతుంది. కొట్టానికి నిప్పు భయం, మిద్దెకు నీటి భయం. కరవు సీమలో ఇంటికి శత్రువు వాన కావడం విడ్డూరంగా తోచవచ్చు. అరుదుగా కురిసే చోట ఒక్కసారి వచ్చే వాన కోసం ఇల్లూ వీధీ సిద్ధంగా ఉండవన్నది దీనికి కారణం.

ఇంటి రక్షణ యజమాని చేతి పని అయితే, ఊరి రక్షణ చెరువు కట్ట మీద ఆధారపడి ఉండేది. 1565 నాటి యుద్ధం తరువాత విజయనగర రాజులకు రాజధాని అయిన పెనుకొండకు కోటగోడ ఎంత అవసరమో, కింద ఉన్న చెరువులూ అంతే అవసరం. ధర్మవరం చెరువును, ఊరిని క్రియాశక్తి ఒడయరు తన తల్లి ధర్మాంబ పేర నిలిపాడని ఐతిహ్యం. చెరువు తెగితే ఊరంతటికీ నష్టం కనుక దాని మరమ్మతుకు సమష్టి ఏర్పాటు కావలసి వచ్చింది. దశబంధం అటువంటిది. చెరువు కట్టను తవ్వించిన లేదా బాగుచేసే బాధ్యత తీసుకున్న వ్యక్తికి ఆ చెరువు కింద భూమిని మాన్యంగా ఇచ్చేవారు. మాన్యం అనుభవించినంత కాలం కట్టను కాపాడటం అతని విధి.

దశబంధాన్ని బీమా అనడం సరికాదు. నష్టం జరిగాక డబ్బు చెల్లించే ఒప్పందం అందులో లేదు. కాని ఉమ్మడి ఆస్తిని కాపాడే ఖర్చును ఎవరో ఒకరి ఉదారతకు వదిలిపెట్టకుండా, దానికి స్థిరమైన ఆదాయాన్ని, బాధ్యుణ్ని ముందే నిర్ణయించిన పద్ధతి అది. అపార్ట్‌మెంటు యజమానుల సంఘం నేడు ఎదుర్కొనే సమస్య సరిగ్గా ఇదే కనుక దానిని ఇక్కడ ప్రస్తావించవలసి వచ్చింది.

3. పాలసీ కాగితం రాక

భారతదేశంలో సాధారణ బీమా వలస వాణిజ్యంతో మొదలైంది. 1850లో కలకత్తాలో ట్రైటన్ సంస్థ ఏర్పడింది. తెలుగునాట స్వదేశీ ఉద్యమ స్ఫూర్తితో భోగరాజు పట్టాభి సీతారామయ్య మచిలీపట్నంలో 1923లో ఆంధ్రా బ్యాంకును, 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీని స్థాపించారు. ఇది కోస్తా పట్టణాల కథ. గుంతకల్లు నుంచి బెంగళూరు వెళ్లే రైలుమార్గం 19వ శతాబ్ది చివరి దశకంలో ధర్మవరం, పెనుకొండ, హిందూపురాలను కలిపింది. హిందూపురం బెల్లానికి, చింతపండుకు పెద్ద సంతగా ఎదిగి 1920లో పురపాలక సంఘం అయింది. అటువంటి ఊళ్లో బీమా పాలసీ అవసరం ముందుగా తోచేది గిడ్డంగికి, రవాణాలో ఉన్న సరుకుకు, అప్పిచ్చిన బ్యాంకుకు. మట్టి మిద్దె ఆ లెక్కలోకి రాదు.

1938 బీమా చట్టం, 1956లో జీవిత బీమా జాతీయీకరణ, 1973 జనవరి 1 నుంచి అమలైన సాధారణ బీమా జాతీయీకరణ ఈ చరిత్రలో ప్రసిద్ధ ఘట్టాలే. 107 సంస్థలు నాలుగు ప్రభుత్వ కంపెనీల కిందికి వచ్చాయి. అగ్ని బీమా ధరలను, షరతులను టారిఫ్ సలహా సంఘం నిర్ణయించేది. 1999 చట్టంతో నియంత్రణ సంస్థ ఏర్పడి, తరువాత హైదరాబాదు కేంద్రంగా పనిచేయసాగింది. 2007 జనవరి 1న టారిఫ్ ధరలు తొలగిపోయాయి. ఈ మార్పులన్నింటిలోనూ ఇంటి యజమాని దాదాపు కనిపించడు. 2021 ఏప్రిల్ 1 నుంచి ప్రతి సాధారణ బీమా సంస్థా తప్పక అమ్మవలసిన ఒకే నమూనా పాలసీగా ‘భారత్ గృహ రక్ష’ వచ్చినప్పుడే ఇల్లు తనంతట తానుగా నియంత్రణకు విషయమైంది.

4. చెక్కుబందీలో లేని దిక్కులు

మిద్దె ఇంటి క్రయపత్రంలో చెక్కుబందీ నాలుగు దిక్కులతో ముగుస్తుంది. కింది నేల, పైన ఆకాశం అడగకుండానే యజమానివి. ఫ్లాటు క్రయపత్రంలోనూ నాలుగు దిక్కులే రాస్తారు. ఒకవైపు కారిడారు, ఒకవైపు ఖాళీ ఆకాశం, ఒకవైపు పొరుగు ఫ్లాటు. కాని ఇక్కడ కింది నేల మరొకరి పైకప్పు, పైకప్పు మరొకరి నేల. స్థలంలో దక్కేది ‘అవిభాజ్య వాటా’ మాత్రమే.

ఆంధ్రప్రదేశ్‌లో అపార్ట్‌మెంట్ల నిర్మాణ, యాజమాన్య చట్టం 1987లో వచ్చింది. దీనికి ముందే మహారాష్ట్ర 1970లో, కర్ణాటక 1972లో చట్టాలు చేశాయి. సరిహద్దు ఊరైన హిందూపురంలో కొనుగోలుదారులకు బెంగళూరు వ్యవహారం పరిచితం కనుక కర్ణాటక చట్టాన్ని పోల్చి చూడటం సమంజసం. ఈ చట్టాలన్నింటి వెనుక అమెరికాలో 1960ల ప్రారంభంలో రూపొందిన కాండొమినియం నమూనా చట్టం నీడ ఉంది. పునాదులు, స్తంభాలు, ప్రధాన గోడలు, పైకప్పు, మెట్లు, లిఫ్టు ఉమ్మడివి. లోపలి భాగం సొంతం. మహారాష్ట్ర, కర్ణాటక చట్టాలు బీమాను పేరు పెట్టి ప్రస్తావించాయి. నియమావళి కోరినా, అధికసంఖ్యాక యజమానులు కోరినా, మొదటి తాకట్టుదారు కోరినా భవనం మొత్తానికి బీమా తీసుకొనే అధికారం నిర్వాహక మండలికి ఉంటుంది. తన ఫ్లాటుకు విడిగా బీమా చేసుకొనే హక్కు యజమానికి దీని వల్ల తగ్గదు. భవనం ధ్వంసమైతే అరవై రోజులలోగా తిరిగి కట్టాలన్న నిర్ణయం జరగకపోతే ఆస్తి అంతా ఉమ్మడి అయిపోతుందని కూడా మహారాష్ట్ర చట్టం చెబుతుంది. ఫ్లాటు అనే వస్తువు ఎంత పలుచని కల్పనో ఈ ఒక్క నిబంధన తెలుపుతుంది.

కాబట్టి ఫ్లాటు యజమాని మొదట అడగవలసింది ప్రీమియం ఎంత అని కాదు. సంఘం రిజిస్టరు అయిందా, దాని పేర భవనానికి పాలసీ ఉందా, ఉంటే అందులో లిఫ్టు, పంపుసెట్టు, జనరేటరు, ప్రహరీ, పైట్యాంకు చేరాయా అని అడగాలి. పన్నెండు ఫ్లాట్ల భవనంలో పన్నెండుగురూ విడివిడిగా పాలసీలు తీసుకొని, సంఘం ఏదీ తీసుకోలేదనుకుందాం. నిప్పంటుకొని మెట్లు పగిలిపోతే ఎవరి ఇల్లు వారికి భద్రంగానే ఉంటుంది, పైకి ఎక్కే దారి ఉండదు. చిన్న పట్టణాలలో అయిదారు ఫ్లాట్ల భవనాలకు సంఘం నెలసరి వసూలుకే పరిమితమై, రిజిస్ట్రేషను దాకా పోకపోతే ఉమ్మడి పాలసీకి చట్టబద్ధమైన చేయి ఉండదు. దశబంధదారు లేని కట్ట వంటిదే ఈ స్థితి.

5. ఎంత మొత్తానికి?

బీమా మొత్తాన్ని నిర్ణయించడంలో అత్యంత సాధారణమైన పొరపాటు కొన్న ధరనే రాయడం. ధరలో స్థలం విలువ కలిసి ఉంటుంది. స్థలం కాలిపోదు. ఒక ఉదాహరణ తీసుకుంటే, 45 లక్షలకు కొన్న ఫ్లాటు కార్పెట్ వైశాల్యం 1,000 చదరపు అడుగులనీ, తిరిగి కట్టడానికి చదరపు అడుగుకు 2,000 రూపాయలనీ అనుకుంటే, బీమా చేయవలసిన కట్టడం విలువ 20 లక్షలు. గృహ రక్షలో ఈ గుణకారమే పద్ధతి. అదనపు కట్టడాలు ఉంటే వాటి విలువను విడిగా కలుపుతారు.

పాత అగ్ని పాలసీలలో ‘సగటు నిబంధన’ ఉండేది. 20 లక్షల ఇంటికి 10 లక్షలకే పాలసీ తీసుకొని 4 లక్షల నష్టం జరిగితే 2 లక్షలే చెల్లించేవారు. తక్కువ ప్రీమియం కట్టి పొదుపు చేశామనుకున్న కుటుంబం ఆ సగం కోతను నష్టం జరిగిన తరువాతనే తెలుసుకొనేది. గృహ రక్ష ఈ కోతను రద్దుచేసింది. కాని తక్కువ మొత్తం రాసినవారికి మొత్తం నష్టం జరిగిన రోజున ఆ తక్కువే అందుతుందని మరవరాదు. కట్టడానికి పాలసీ తీసుకుంటే సామగ్రికి ఆ మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా దానంతట అదే వర్తిస్తుంది. పై ఉదాహరణలో అది 4 లక్షలు. ఇంట్లో అంతకు మించిన సామగ్రి ఉంటే విడిగా జాబితా ఇవ్వాలి. నగలు, కళాఖండాల వంటి విలువైన వస్తువులకు ముందుగా అంగీకరించిన విలువపై ఐచ్ఛిక రక్షణ కోరాలి. పెట్టెలో నగలున్నాయి కదా, సామగ్రిలో చేరిపోతాయి అనుకోవడం పొరపాటు.

గృహరుణం తీసుకున్నవారి విషయంలో మరొక గందరగోళం ఉంది. రుణంతో పాటు అంటగట్టే బీమా తరచుగా రుణగ్రహీత ప్రాణానికి సంబంధించినది. అతడు మరణిస్తే అప్పు తీరుతుంది, ఇల్లు కాలిపోతే దానితో ప్రయోజనం లేదు. ఇంటికే తీసుకున్న పాలసీలో కూడా బీమా మొత్తం అప్పు బాకీకి సరిపడా ఉంటే చాలునని బ్యాంకు భావించవచ్చు. బ్యాంకు క్లాజు ప్రకారం పరిహారం మొదట బ్యాంకుకే చేరుతుంది. అప్పు తీరుతుంది, ఇల్లు తిరిగి లేవదు.

పెనుకొండలో ప్రశ్న అద్దె వైపు నుంచి వస్తుంది. 2017లో ఒప్పందం కుదిరి, 2019 డిసెంబరులో లాంఛనంగా ప్రారంభమైన ఎర్రమంచి కియా కర్మాగారం చుట్టుపక్కల ఊళ్లలో ఉద్యోగుల నివాసాలకు గిరాకీ తెచ్చింది. అద్దెకు ఇచ్చిన ఫ్లాటులో యజమానికి కట్టడం మీద, అద్దెదారుకు తన సామగ్రి మీద బీమా ప్రయోజనం ఉంటుంది. ఒకరి పాలసీ మరొకరి నష్టాన్ని పూడ్చదు. ఇల్లు నివాసయోగ్యం కాకపోతే యజమాని కోల్పోయే అద్దెను, సొంత ఇంటివాడు వేరేచోట ఉండేందుకు చెల్లించే అద్దెను గృహ రక్ష పరిగణిస్తుంది. ఎవరి పేరున ఏది రాశారన్నది మాత్రం ముందే సరిచూసుకోవాలి.

6. వాన, వంక, నింపుడు నేల

2021 నవంబరులో చిత్రావతి పొంగినప్పుడు చెన్నేకొత్తపల్లి మండలంలో నది మధ్య చిక్కుకున్నవారిని వైమానిక దళ హెలికాప్టరు రక్షించింది. అదే వానలలో కదిరిలో నిర్మాణంలో ఉన్న మూడంతస్తుల భవనం పక్క కట్టడం మీద కూలి పలువురు మరణించారు. కరవు సీమగా పేరుబడ్డ ఈ ప్రాంతంలో ఏ ఆపదను ఎంచుకోవాలన్న ప్రశ్నకు ఆ నెల సమాధానం చెప్పింది.

పాలసీ షరతులను ఆ ఘటనల వెలుగులో చదివితే వాటి సూక్ష్మత బోధపడుతుంది. వరద, ముంపు రక్షణలో ఉన్నాయి. పొరుగు గోడ వచ్చి మీద పడటం ‘బాహ్య వస్తువు తాకిడి’ కింద చేరుతుంది. నేల కుంగడం కూడా రక్షణలో ఉంది, కాని దానికి మినహాయింపులున్నాయి. కొత్త కట్టడం సహజంగా సర్దుకోవడంలో వచ్చే బీటలు, లోపభూయిష్ఠమైన నమూనా లేదా పనితనం వల్ల వచ్చే నష్టం, పూడ్చిన నేల సర్దుకోవడం ఇందులోకి రావు. ఈ చివరిదే ఇక్కడ ముఖ్యం. ఒకే వానకు నీరు గదిలోకి వచ్చి పాడైన బీరువాకు పరిహారం రావచ్చు, అదే నీటికి భవనం కింద పూడ్చిన గుంట మెత్తబడి పునాది వంగితే రాకపోవచ్చు. చెరువులు, కుంటలు, వంకలు విరివిగా ఉన్న ఈ ఊళ్లలో కొనేముందు ఆ స్థలం పాత సర్వే పటంలో, రెవెన్యూ దస్త్రాలలో ఏమని నమోదైందో చూడటం న్యాయవాది పని మాత్రమే కాదు. పాలసీ ఎంపికలో అది మొదటి అడుగు. చెరువు పోరంబోకు, వంక పోరంబోకు అన్న రెండు పదాలు బీమా ప్రతిపాదన పత్రంలో కనిపించవు. వాటి ప్రభావం క్లెయిము పత్రంలో కనిపిస్తుంది.

నిర్మాణ లోపం బీమా పరిధిలో లేదు కనుక దానికి దారి వేరు. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం, స్వాధీనం ఇచ్చిన నాటి నుంచి అయిదేళ్ల లోపు బయటపడిన నిర్మాణ లోపాలను ప్రమోటరే సరిచేయాలని నిర్దేశించింది. గోడల చెమ్మ, నెమ్మదిగా కారే పైపు, తుప్పు పట్టిన కడ్డీ వంటివి ఏ పాలసీలోనూ నిలవవు. మిద్దె మీద ఏటా చవుడు పోసినట్టే వాటిని నిర్వహణ నిధి నుంచి చూసుకోవలసి ఉంటుంది. ఆ నిధిని, బీమాను ఒకే పద్దుగా భావించి, ఒకటి ఉంది కదా అని రెండవదాన్ని ఎగవేయడం సంఘాలలో తరచుగా వినిపించే వాదన.

7. మగ్గమున్న ఇల్లు

ధర్మవరంలో ఇల్లు, పనిచోటు వేరు కావు. గుంత మగ్గం నేలలో ఉంటుంది. నేతగాడు గుంతలో కాళ్లు పెట్టి తొక్కుడు కర్రలను ఆడిస్తాడు. వాన నీరు గుంతలో ఊరితే పని ఆగిపోతుంది. ఇల్లు కూలకపోయినా జీవనం కూలుతుంది. మగ్గం మీది పట్టు, జరీ షావుకారువి కావచ్చు. మగ్గం నేతగాడిది. ఇల్లు అద్దెది కావచ్చు. ఒకే కప్పు కింద మూడు ప్రయోజనాలున్నాయి. బీమా శాస్త్రంలో ఎవరి ప్రయోజనం పోతుందో వారే బీమా చేయగలరు.

గృహ రక్ష నివాసానికి ఉద్దేశించినది. చిన్న వ్యాపారాలకు 5 కోట్ల రూపాయల విలువ దాకా ‘భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష’ అనే వేరొక నమూనా పాలసీ 2021లోనే వచ్చింది. కనుక నేతగాడు వంటగదికి ఒకటి, మగ్గపు గదికి ఒకటి పాలసీ తీసుకోవాలి, షావుకారు పట్టును అతని ఆధీనంలో ఉన్న పరుల సరుకుగా ప్రకటించాలి. ఆ రెండు గదుల మధ్య గోడ చాలా ఇళ్లలో లేనే లేదు. ఇంటిని ఒకే ఉపయోగం గల వస్తువుగా ఊహించుకున్న నమూనా పత్రం ఇక్కడ తడబడుతుంది. ప్రతిపాదనలో మగ్గాన్ని దాచిపెట్టి ఇల్లు నివాసమేనని రాస్తే ప్రీమియం తగ్గవచ్చు గాని, సర్వేయరు గుమ్మం దాటగానే గుంతను చూస్తాడు.

ప్రభుత్వ సహాయం ఈ లోటును కొంత వరకు మరో రూపంలో పూడ్చే ప్రయత్నం చేసింది. సొంత మగ్గమున్న కుటుంబానికి ఏటా 24,000 రూపాయలిచ్చిన నేతన్న నేస్తం పథకం 2019 డిసెంబరు 21న ధర్మవరంలోనే ప్రారంభమైంది. అది ఆదాయానికి ఊతంగా ఉండేది. దగ్ధమైన మగ్గానికి, తడిసిన పట్టుకు లెక్కకట్టి ఇచ్చే పరిహారం కాదు. పథకం మారితే ఆగిపోతుంది, పాలసీ వలె దావాకు హక్కు ఇవ్వదు.

నేత కుటుంబం పాత మిద్దెను అమ్మి లేదా అభివృద్ధి ఒప్పందానికి ఇచ్చి ఫ్లాటులోకి మారినప్పుడు పై అంతస్తులో గుంత తవ్వే వీలుండదు. గుంత తవ్వాలంటే అది కింది వారి పైకప్పు. మగ్గం నేల అంతస్తుకో, వేరొక అద్దె షెడ్డుకో పోతుంది, లేదా చట్రపు మగ్గంగా మారుతుంది. నేల అంతస్తు ఖాళీ స్థలం ఉమ్మడిది కనుక అక్కడ మగ్గం పెట్టడానికి సంఘం అనుమతి కావాలి. అక్కడికి పోయిన మగ్గం ఫ్లాటు పాలసీలోని సామగ్రిలో చేరదు, సంఘం పాలసీలోని ఉమ్మడి ఆస్తిలోనూ చేరదు.